రాస్ దీవిలో జింక ఎక్కడిది?

నల్లమలలో మచ్చల జింకను చూడటమంటే సగం సార్లు దాని తోకను చూడటమే. బండి చప్పుడు వినపడగానే గుంపంతా ఒక్క దూకుతో పొదల్లో కలిసిపోతుంది. అండమాన్‌లోని రాస్ దీవిలో పడవ దిగి నాలుగు అడుగులు వేశానో లేదో, అదే జింక వచ్చి నా ఎదురుగా నిలబడింది. చేతిలో ఉన్న కొబ్బరి ముక్కను వాసన చూసింది. మూతి తడిగా, చల్లగా అరచేతికి తగిలింది. దాని వెనక బ్రిటిష్ కాలం నాటి ఇటుక గోడ. పైకప్పు ఎప్పుడో పోయింది. మర్రి జాతి చెట్టు వేళ్లు మోకుల్లా గోడను చుట్టేసి పట్టుకున్నాయి. ఆ వేళ్లు లేకపోతే ఆ గోడ ఏనాడో కూలిపోయేది.

చుట్టూ అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. నాకు మాత్రం ఒక సందేహం పట్టుకుంది. నల్లమల జింక పారిపోయేది పులి భయంతో. ఇక్కడ పులి లేదు, చిరుత లేదు. సరే, పులి ఈదుకుంటూ రాలేని చోటికి జింక ఎలా వచ్చింది?

రాలేదు. తెచ్చారు. 20వ శతాబ్దం తొలినాళ్లలో బ్రిటిష్ వాళ్లు మన దేశం నుంచి ఓడలో తెచ్చి ఈ దీవుల్లో వదిలారు. అంటే నేను వన్యప్రాణి అనుకున్నది నిజానికి చరిత్ర. చరిత్ర అనుకున్న గోడేమో అడవి చేతుల్లో ఉంది. టూర్ ప్యాకేజీలు జైలుకు ఒకరోజు, పక్షులకు ఒకరోజు, పగడాలకు ఒకరోజు అని విడగొట్టి చూపిస్తాయి. అలా చూస్తే అండమాన్ సగమే అర్థమవుతుంది. అక్కడ ఏ ప్రాణి కనపడినా, ఏ మనిషి ఎదురైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే: వీళ్లు తమంతట తాము వచ్చారా, ఎవరైనా తెచ్చి పడేశారా?

ముందు తమంతట తాము వచ్చిన వాటి సంగతి చూద్దాం. అండమాన్ నికోబార్‌లో చిన్నా పెద్దా దీవులు, దిబ్బలు, రాళ్లు అన్నీ కలిపి 836. మనుషులు ఉండేవి 31 మాత్రమే. విశాఖ నుంచి సముద్రం మీద దాదాపు 1,200 కిలోమీటర్లు. ఉత్తర కొస నుంచి మయన్మార్‌కు చెందిన కోకో దీవులకైతే పట్టుమని 50 కిలోమీటర్లు కూడా ఉండవు. దక్షిణ కొసన గ్రేట్ నికోబార్ నుంచి ఇండోనేషియాలోని సుమత్రా 200 కిలోమీటర్ల లోపే. సముద్రం నీళ్లన్నీ తోడేసి చూడగలిగితే, ఈ దీవులు మయన్మార్‌లోని అరకాన్ కొండల వరసకు కొనసాగింపుగా కనిపిస్తాయి. అవి నీళ్లలో మునిగిన కొండల శిఖరాలన్నమాట. దేశం మనదే గానీ నేల, చెట్లు, పిట్టలు చాలావరకు ఆగ్నేయాసియావి.

మంచుయుగాల్లో సముద్రమట్టం 100 మీటర్లకు పైగా పడిపోయినప్పుడు కూడా అండమాన్ ప్రధాన భూభాగానికి పూర్తిగా అతుక్కోలేదు. అందుకే నడిచి వచ్చే జంతువులేవీ ఇక్కడికి చేరలేదు. ఎగరగలిగినవి వచ్చాయి. కొట్టుకొచ్చిన దుంగల మీద ప్రాణం నిలబెట్టుకోగలిగినవి వచ్చాయి. ఇక్కడి సొంత క్షీరదాల్లో ఎక్కువ భాగం గబ్బిలాలు, ఎలుకలు, చుంచులే కావడానికి కారణం అదే. పెద్ద జంతువుల్లో చెప్పుకోదగ్గది అడవి పంది ఒక్కటే. అది కూడా తొలి మనుషుల వెంట వచ్చిందేమోనని పరిశోధకుల అనుమానం.

ఇలా చేరిన కొద్దిపాటి జీవులు, కొత్తవాళ్లు రాని ఇంట్లో పెరిగిన పిల్లల్లా, వేల ఏళ్లలో తమదైన రూపు తెచ్చుకున్నాయి. ప్రపంచంలో మరెక్కడా లేని పక్షి జాతులు ఈ దీవుల్లో 20కి పైగా ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణాన ఉన్న చిడియా టాపుకి తెల్లవారకముందే వెళ్లి నిలబడితే వాటిలో కొన్నింటినైనా చూడొచ్చు. నాకు పిట్టల కంటే ఎక్కువగా గుర్తుండిపోయింది ఒక బల్లి. మన ఇళ్లలో బల్లులు రాత్రి ట్యూబ్‌లైట్ దగ్గర చేరతాయి కదా, ఇది పట్టపగలు తిరిగే బల్లి. లేత అరటాకు రంగు, వీపు మీద ఎర్రటి చుక్కలు. కొబ్బరి మట్ట మీద ఎండలో కదలకుండా ఉంటే ఆకులో భాగం అనుకున్నాను. దీని దగ్గరి చుట్టాలు ఎక్కడున్నాయో తెలుసా? హిందూ మహాసముద్రానికి అవతలి ఒడ్డున, మడగాస్కర్‌లో.

ఇంకా విచిత్రం నార్కొండం హార్న్‌బిల్. ఉత్తర అండమాన్‌కు తూర్పున సముద్రంలో ఒంటరిగా, దాదాపు 7 చదరపు కిలోమీటర్ల అగ్నిపర్వతపు దీవి నార్కొండం. ఈ పక్షి ఉన్నది ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క దీవిలోనే. ఆడపక్షి చెట్టు తొర్రలో కూర్చుని లోపలి నుంచి ద్వారం పూడ్చేసుకుంటుంది, చిన్న సందు మాత్రం వదులుతుంది. గుడ్లు పెట్టి పిల్లలు అయ్యేదాకా మగపక్షి ఆ సందులోంచే పళ్లు అందిస్తుంది. మగపక్షి చనిపోతే తొర్రలో ఉన్నవాటి గతి ఏమిటో ఊహించుకోండి. 2012లో ఆ దీవిలో రాడార్ కేంద్రం పెట్టాలనే ప్రతిపాదనను కేంద్ర పర్యావరణ శాఖ ఈ పక్షి కోసమే తిరస్కరించింది. అక్కడికి టూరిస్టులను పంపరు, పంపకూడదు కూడా.

ఇక మనుషులు. మనం 'అండమాన్ చరిత్ర' అంటే జైలుతో మొదలుపెడతాం. కానీ ఆ దీవుల్లో వేల ఏళ్లుగా మనుషులున్నారు. గ్రేట్ అండమానీలు, జారవాలు, ఓంగేలు, సెంటినలీలు, నికోబార్ వైపు నికోబారీలు, షోంపెన్‌లు. బ్రిటిష్ వాళ్లు 1789లో తొలిసారి వలస పెట్టి, రోగాలకు తట్టుకోలేక 1796లో వదిలేసి పోయారు. మళ్లీ వచ్చింది 1858 మార్చిలో, 1857 తిరుగుబాటులో పట్టుబడిన 200 మందిని ఓడలో వేసుకుని.

మన పాత తెలుగులో ఈ శిక్షకు ద్వీపాంతరవాసం అని పేరు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు జైలు గోడల కంటే ఆ ఓడ ప్రయాణమే కళ్లముందు కదులుతుంది. సముద్రం దాటితే కులం పోతుందని నమ్మిన మనుషులను సంకెళ్లతో సముద్రం దాటించడం. శిక్ష అక్కడే మొదలైపోయింది. తొలి నలభై ఏళ్లు అసలు సెల్యులర్ జైలే లేదు. చుట్టూ ఉన్న సముద్రమే జైలు. ఖైదీల చేత అడవి నరికించి, చిత్తడి పూడిపించి ఊరు కట్టించారు. అధికారులు మాత్రం రాస్ దీవిలో చర్చి, బేకరీ, టెన్నిస్ కోర్టు కట్టుకుని కాపురం చేశారు. ఇప్పుడు జింకలు తిరిగేది ఆ శిథిలాల్లోనే.

సెల్యులర్ జైలు 1896లో మొదలై 1906కి పూర్తయింది. నడుమ ఒక గోపురం, దాని చుట్టూ సైకిల్ చక్రం ఊచల్లా ఏడు భవనాలు, మూడేసి అంతస్తులు, 690కి పైగా గదులు. దాని కిటుకంతా అమరికలో ఉంది. ఒక భవనం ముఖం పక్క భవనం వీపును చూస్తుంది. కాబట్టి ఏ ఖైదీకీ ఇంకో ఖైదీ ముఖం కనపడదు. కొట్టడం, తిట్టడం అన్నీ తర్వాత. ముందు మనిషికి మనిషిని కనపడకుండా చేయడమే అసలు శిక్ష. నేను ఒక గదిలోకి వెళ్లి గొళ్లెం చూశాను. తలుపు పక్కన గోడలో లోతుగా దూరంగా అమర్చి ఉంది, లోపలి మనిషి ఊచల్లోంచి చెయ్యి ఎంత సాచినా అందదు. వెనక గోడకు మూడు మీటర్ల ఎత్తున ఒక చిన్న వెంటిలేటర్. దాంట్లోంచి చారెడు ఆకాశం తప్ప ఏమీ కనపడదు. సముద్రం చప్పుడు మాత్రం వినపడుతూనే ఉంటుంది. కింద ఆవరణలో కొబ్బరి నూనె గానుగ పెట్టారు. ఎద్దు లాగాల్సిన గానుగను మనిషి లాగి రోజుకు 30 పౌండ్ల నూనె తీయాలి, అంటే దాదాపు పదమూడున్నర కిలోలు. తక్కువైతే దెబ్బలు.

ఏడు భవనాల్లో ఇప్పుడు మిగిలినవి మూడు. భూకంపం, జపాన్ ఆక్రమణ, ఆ తర్వాత ఆసుపత్రి నిర్మాణం మిగతావాటిని తీసుకుపోయాయి. 1979లో దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. అక్కడికి వెళ్లే తెలుగువాళ్లు ఇద్దరిని తలుచుకోవాలని నా కోరిక. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ఒకరు. ద్వీపాంతరం పంపిన మన్యం వీరుడు, తిరిగి వచ్చి 1952లో విశాఖ నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. రెండోవారు కాకినాడ బాంబు కేసులో శిక్ష పడి ఇక్కడికి వచ్చిన ప్రతివాది భయంకరాచారి. వాళ్లు ఏ తీరం నుంచి వచ్చారో తెలిస్తే ఆ వరండాలో అడుగు వేరేలా పడుతుంది.

పేర్ల గందరగోళం కూడా ఇక్కడే విప్పుకుందాం, ఎందుకంటే టికెట్ల మీద ఒక పేరు, జనం నోట ఒక పేరు ఉంటుంది. హేవ్‌లాక్, నీల్ అనేవి 1857 తిరుగుబాటును నెత్తురుతో అణచిన సైనికాధికారుల పేర్లు. ఆ తిరుగుబాటు ఖైదీలు చూస్తూ ఉండగా ఆ సముద్రంలోని దీవులకు వాళ్ల పేర్లే పెట్టారు. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. 1943 డిసెంబరులో జపాన్ ఆక్రమణ కాలంలో నేతాజీ ఇక్కడికి వచ్చి జెండా ఎగరేశారు, ఈ పేర్ల మూలం అది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చారు. అక్కడి ఆటోవాళ్లకు రెండూ తెలుసు.

ఇప్పుడు ఈ కథలో అన్నిటికన్నా బరువైన భాగం. బ్రిటిష్ వాళ్లు వచ్చేనాటికి గ్రేట్ అండమానీలు కనీసం 5,000 మంది ఉండేవారని అంచనా. 1859లో వాళ్లు విల్లంబులతో వలసమీద దాడి చేశారు. ఓడిపోయారు. కానీ వాళ్లను తుడిచిపెట్టింది తుపాకులకంటే ఎక్కువగా రోగాలు. 1877లో తట్టు వచ్చి ఊళ్లకు ఊళ్లు పోయాయి. 1961 నాటికి మిగిలింది 19 మంది. ఇప్పుడు స్ట్రెయిట్ దీవి కేంద్రంగా యాభై మంది చిల్లర ఉన్నారు. బో అనే వాళ్ల భాషల్లో ఒకటి 2010 జనవరిలో ఒక వృద్ధురాలితో పాటు పోయింది. ఆ భాష మాట్లాడే చివరి మనిషి ఆవిడ.

జారవాలు మాత్రం బయటివాళ్లను దగ్గరకు రానివ్వలేదు. 1990ల చివరిదాకా బాణాలతోనే పలకరించారు. దాని ఫలితం ఏమిటో మ్యాప్ చూస్తే తెలుస్తుంది. దక్షిణ, మధ్య అండమాన్‌లలో కలప కోసం, సాగు కోసం అడవులు పోయిన చోట్ల మధ్య దట్టంగా మిగిలిన పచ్చదనం చాలావరకు జారవా రిజర్వే, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా. అండమాన్ సొంత చెట్లు, పిట్టలు, పందులు ఇంకా నిండుగా బతుకుతున్నాయంటే దానికి కారణం ఏ పథకమూ కాదు, విల్లు పట్టుకుని నిలబడ్డ నాలుగైదు వందల మంది.

ఆ అడవి మధ్యలోంచే అండమాన్ ట్రంక్ రోడ్డు వెళుతుంది. బారాటాంగ్ సున్నపురాయి గుహలు చూడాలంటే మామూలుగా ఆ దారే. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర తెల్లవారుజామున వాహనాలు బారులు తీరతాయి, పోలీసు కాన్వాయ్‌తో వదులుతారు. ఆపకూడదు, ఫొటో తీయకూడదు, ఏదీ ఇవ్వకూడదు. రిజర్వ్ గుండా వెళ్లే రోడ్డును మూసేయాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. అది నేటికీ నడుస్తూనే ఉంది. వాదన రెండు వైపులా ఉంది, అది కాదనను. ఉత్తర అండమాన్‌లో ఉండేవాళ్లకు ఆసుపత్రికైనా కాలేజీకైనా ఆ రోడ్డే దిక్కు. కానీ ఆ బారులో ఎక్కువగా కనిపించేవి టూరిస్టు బండ్లు, వాటిలో చాలామంది కళ్లు వెతికేది గుహలను కాదు, దారి పక్కన మనుషులను. కొందరు ఏజెంట్లు గుహల పేరుతో అదే ఆశ చూపి టికెట్ అమ్ముతారు. మనుషులను చూసే సఫారీ అది, నాకు వేరే మాట దొరకలేదు. 2017 నుంచి సముద్ర మార్గం కూడా ఉంది. పడవ వేళలు కుదిరితే అలా వెళ్లండి. కుదరకపోతే బారాటాంగ్ మానేయండి, దాంతో అండమాన్‌లో పోయేదేమీ లేదు.

రాస్ దీవిలో నన్ను మురిపించిన జింక దగ్గరికి మళ్లీ వస్తాను. దాన్ని తినే జంతువు లేదు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఈదగలదు. మొలకెత్తిన ప్రతి లేత చెట్టునూ నోటికి అందినంతవరకు కొరికేస్తుంది. దాంతో పెద్ద చెట్టు పడిపోతే దాని చోట లేచే పిల్ల చెట్టు ఉండదు. ఇదే పని ఇంటర్‌వ్యూ దీవిలో ఏనుగులు చేశాయి. కలప లాగడానికి ఒక ప్రైవేటు కంపెనీ ప్రధాన భూభాగం నుంచి ఏనుగులను తెచ్చి, 1962లో దివాలా తీసి మూతపడ్డాక దాదాపు 40 ఏనుగులను అక్కడే వదిలేసింది. అవి అడవి ఏనుగులైపోయాయి. వెదురును, చెట్ల బెరడును తిని దీవి రూపమే మార్చేశాయి. వాటి తప్పు ఏముంది చెప్పండి? పని చేయించుకుని వదిలేసిన మరో రకం ఖైదీలు అవి.

వానాకాలంలో పోర్ట్ బ్లెయిర్ తోటల్లో అరచేయంత నత్తలు పాకుతుంటాయి. ఆఫ్రికా నత్తలు. 1942 నుంచి 1945 దాకా దీవులను ఆక్రమించిన జపాన్ సైన్యం తిండి కోసం తెచ్చిందని చెబుతారు. సైన్యం పోయింది, నత్తలు ఉండిపోయాయి, బొప్పాయి మొక్కను రాత్రికి రాత్రి బోడి చేస్తాయి. ఇంకా ఇటీవలి అతిథి మన పొలాల బోదురు కప్ప. చేపపిల్లల రవాణాతో పాటు నీళ్లలో కలిసి వచ్చి ఊరూరా పాకుతోంది. దాని తోకకప్పలు స్థానిక కప్పల తోకకప్పలను తినేస్తాయి. మన ఊళ్లో వాన రాగానే అరిచే కప్ప అక్కడ అరుస్తుంటే మొదట ప్రాణం లేచొచ్చింది. సంగతి తెలిశాక ఆ అరుపు వింటే గుబులు పుట్టింది.

2004 డిసెంబరు 26 సునామీ గురించి కూడా ఒక మాట. అల విధ్వంసం అందరికీ తెలుసు. నేల కదిలిన సంగతి తక్కువ మందికి తెలుసు. ఆ భూకంపంలో దీవుల వరస ఒక త్రాసులా వొరిగింది. ఉత్తరాన నేల పైకి లేచింది. దాంతో పగడపు దిబ్బలు నీళ్లలోంచి బయటపడి ఎండకు చచ్చిపోయాయి. దక్షిణాన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. దేశపు చిట్టచివరి లైట్‌హౌస్ నీళ్లలో నిలబడింది.

ఆ ఇందిరా పాయింట్ ఉన్న గ్రేట్ నికోబార్‌కు మామూలు టూరిస్టులు వెళ్లలేరు. నికోబార్ గిరిజన ప్రాంతం, పాస్ ఉండాలి. అక్కడి గలాతియా తీరంలో తోలు తాబేళ్లు గుడ్లు పెడతాయి, ప్రపంచంలోకెల్లా పెద్ద తాబేలు జాతి అది. మెగపోడ్ అనే పక్షి గుడ్డును పొదగదు. ఇసుక, ఆకులు గుట్టగా పోసి గుడ్డు దాంట్లో పాతిపెడుతుంది, కుళ్లే ఆకుల వేడికే పిల్ల అవుతుంది, బయటికొచ్చిన రోజు నుంచే తన బతుకు తాను చూసుకుంటుంది. ఆ గలాతియా దగ్గరే ఇప్పుడు భారీ ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కట్టబోతున్నారు. 2022లో పర్యావరణ అనుమతి ఇచ్చారు. దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవి దీనికి పోతుంది. మలక్కా జలసంధి దగ్గరగా ఉండటం దేశ రక్షణకూ వ్యాపారానికీ ముఖ్యమని ప్రభుత్వం అంటుంది. ఆ అవసరం నాకు అర్థమవుతుంది. కానీ ఈ దీవుల్లో తెచ్చి పెట్టినది ఏదీ తిరిగి పోలేదన్నది 1858 నుంచి నేటి దాకా కనపడుతున్న సంగతి. షోంపెన్‌ల గడప దగ్గరికి ఒక నగరాన్ని తెచ్చే ముందు గ్రేట్ అండమానీల లెక్క ఇంకోసారి చదవాలి.

వెళ్లదలచుకున్న వాళ్లకు కొన్ని పనికొచ్చే సంగతులు. అండమాన్ వైపు దీవులకు మనకు పర్మిట్ అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి విమానంలో వెళ్లొచ్చు, విశాఖ నుంచి ఓడ ఉంది గానీ అరుదు, రెండు మూడు రోజుల ప్రయాణం. డిసెంబరులో సాయంత్రం ఐదుకే చీకటి పడుతుంది, గడియారం మాత్రం మనదే. అందుకే ప్లాన్ అంతా పొద్దున్నే పెట్టుకోవాలి. వండూర్ నుంచి పగడాల కోసం వెళ్లే జాలీ బాయ్ దీవి నవంబరు నుంచి మే దాకానే తెరుస్తారు, మిగతా నెలల్లో రెడ్ స్కిన్ దీవికి పంపుతారు. ఒక్కో చోటికి కొన్ని నెలలు విశ్రాంతి. ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు. పగడం మీద కాలు పెట్టకండి, అది రాయి కాదు, ప్రాణం ఉన్నది. మడ అడవుల వాగుల దగ్గర మొసలి బోర్డు ఉంటే నీళ్లలో దిగకండి. ఉప్పునీటి మొసళ్లు సముద్రంలోనూ ఈదుతాయి. జింకకు నాలా కొబ్బరి ముక్క పెట్టకండి.

చివరి రోజు జంగ్లీఘాట్ చేపల మార్కెట్‌కు వెళ్లాను. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది ఇంటి భాష తెలుగు. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేట కోసం వచ్చిన కుటుంబాలు. వంజరం ముక్కలు కోస్తున్న ఒక పెద్దావిడ నా మాట విని తలెత్తింది.

"ఏ ఊరు బావూ మీది?"

"కర్నూలమ్మా. మీది?"

"సోంపేట దగ్గర. మా తాత ఓడెక్కొచ్చాడు."

"ఎప్పుడెళ్లారు చివరిసారి?"

"నేనా? నేనెప్పుడూ చూడలేదు బావూ," అని ముక్కలు సంచిలో వేసి చేతికిచ్చింది.